గ్యాస్ పెంచితే వేడి తగ్గింది: కుండల బట్టీకి పొగగొట్టం చేసే పని

రాత్రి పదకొండున్నర. పొద్దున్న ఆరింటికి వెలిగించిన బట్టీ 1,140 డిగ్రీల దగ్గర కూర్చుని కదలడం లేదు. మాకు కావలసింది దాదాపు 1,285. పైరోమీటర్ అంకెల వంక ఐదుగురం కళ్లప్పగించి చూస్తున్నాం. "జర గ్యాస్ పెంచి చూద్దామా?" అంది వరంగల్ అక్క. పెంచాం. అంకె 1,136కి దిగింది. ఇంకాస్త పెంచాం. 1,128. లోపలికి చూడటానికి తలుపులో వదిలిన చిన్న కంతల్లోంచి పసుపు రంగు మంట జానెడు పొడవున బయటికొస్తోంది. గొట్టం పైనుంచి నల్లటి పొగ. అప్పటికే కడప వదిన తల పట్టుకుని కుర్చీలో కూలబడింది. "కడుపులో తిప్పుతోందే" అంటే, మధ్యాహ్నం తిన్న పులిహోర మీద నెట్టేశాం.

అది పులిహోర తప్పు కాదు. బట్టీదీ కాదు. పొగగొట్టం కట్టేటప్పుడు డబ్బు మిగుల్చుకున్న మాది.

ఈ దేశం వచ్చాక మట్టి పని నేర్చుకుంటున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. ముందు వారానికోసారి క్లాసు, తర్వాత ఇంట్లో సారె, ఆ తర్వాత "సెకండ్ హ్యాండ్‌లో గ్యాస్ కిల్న్ ఒకటి చవగ్గా వస్తోంది, గ్యారేజీలో పెట్టుకోవచ్చా?" అని వాట్సాప్‌లో మెసేజ్. నాకే ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే మేలనిపించింది. మేం తప్పు చేసి నేర్చుకున్నది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. డిగ్రీలో చదివి మూలన పడేసిన ఫిజిక్స్ ఇన్నాళ్లకు పనికొచ్చిందన్న సంబరం కూడా ఉందనుకోండి.

గొట్టం అంటే పొగని బయటికి పంపేది అనుకుంటాం. గ్యాస్ బట్టీలో దాని అసలు పని అది కాదు. బయటి గాలిని బట్టీ లోపలికి లాగడం దాని పని. పొగ పోవడం ఆ లాగుడులో ఒక భాగం మాత్రమే.

మా నాయనమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదడం నాకు బాగా గుర్తు. కట్టె ఉంది, నిప్పుంది, అయినా పొగే తప్ప మంట రాదు. ఊదగానే భగ్గుమంటుంది. లేనిదల్లా గాలి. మా బట్టీలోనూ ఆ రాత్రి జరిగింది అదే. మేం చేసింది మాత్రం, పొగ చూరుతున్న పొయ్యిలో ఇంకో నాలుగు కట్టెలు కుక్కడం.

లెక్క చూడండి. ఒక లీటరు ప్రొపేన్ వాయువు పూర్తిగా మండాలంటే ఐదు లీటర్ల ఆక్సిజన్ కావాలి. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కనుక, సుమారు 24 లీటర్ల గాలి. ఇళ్లకు పైపులో వచ్చే నేచురల్ గ్యాస్ అయితే లీటరుకి సుమారు తొమ్మిదిన్నర లీటర్లు. అంత గాలి అందకపోతే గ్యాస్ సగం మండి కార్బన్ మోనాక్సైడ్‌గా, మసిగా మిగులుతుంది. అలా సగం మండిన గ్యాస్ ఇవ్వాల్సిన వేడి ఇవ్వకపోగా, లోపలున్న వేడిని తనతో మోసుకుపోతుంది. అందుకే గ్యాస్ పెంచేకొద్దీ అంకె దిగింది.

ఇంకో సంగతి. ఆ ఒక లీటరు ప్రొపేన్, 24 లీటర్ల గాలి కలిసి మండాక దాదాపు 26 లీటర్ల వాయువులు వస్తాయి. కానీ అవి గది వేడిలో ఉండవు కదా. 1,200 డిగ్రీల దగ్గర వాయువు ఐదింతలు ఉబ్బుతుంది. అంటే లీటరు గ్యాస్‌కి 130 లీటర్ల వేడి వాయువు బయటికి పోవాలి. అది పోతేనే కొత్త గాలికి చోటు. బస్సు దిగేవాళ్లు దిగకపోతే ఎక్కేవాళ్లు ఎక్కలేరు, అంతే.

మామూలు గ్యాస్ బట్టీలకు వాడేవి వెంచురి బర్నర్లు. గ్యాస్ సన్నటి రంధ్రంలోంచి వేగంగా దూసుకొస్తూ కొంత గాలిని తనతో లాక్కొస్తుంది. అది చాలదు. మిగతాది బర్నర్ చుట్టూ వదిలిన సందులోంచి లోపలికి రావాలి. ఆ రెండో గాలిని లాగేది ఎవరయ్యా అంటే, బట్టీకి అవతలి చివర నిలబడ్డ గొట్టం. విద్యుత్ ఫ్యానుతో గాలి కొట్టే బర్నర్లూ ఉన్నాయి. వాటికి గొట్టం పొట్టిగా ఉన్నా నడుస్తుంది, ఎందుకంటే లాగే పని బదులు నెట్టే పని ఫ్యాను చేస్తుంది. ఫ్యాను లేనప్పుడు మొత్తం భారం గొట్టానిదే.

ఫ్యాను లేకుండా గొట్టం ఎలా లాగుతుంది? ఎనిమిదో తరగతి పాఠమే. వేడి గాలి తేలిక. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోలు. 500 డిగ్రీల దగ్గర అది సుమారు 0.45 కిలోలకు పడిపోతుంది. గొట్టం లోపల తేలికైన వాయువు స్తంభం, బయట అదే ఎత్తున బరువైన గాలి స్తంభం. తక్కెడలో ఒక పళ్లెం బరువు, ఒకటి తేలిక అయినట్టు. బరువైన గాలి కింద బర్నర్ సందుల్లోంచి తోసుకొస్తుంది, తేలికైనది పైకి లేస్తుంది. 13 అడుగుల గొట్టానికి, అంటే సుమారు నాలుగు మీటర్లకి, ఈ తేడా 29 పాస్కల్స్ వస్తుంది. ఎంత తక్కువో తెలుసా? స్ట్రాతో మజ్జిగని మూడు మిల్లీమీటర్లు పైకి పీల్చే బలం. ఇంత చిన్న బలం మీద అంత పెద్ద బట్టీ నడుస్తోందని తెలిశాక, దారిలో ఒక్క వంపు కూడా ఎందుకు పనికిరాదో నాకు అర్థమైంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గొట్టం ఎంత వేడెక్కితే అంత లాగుతుంది అనుకుంటారు. నాలుగు మీటర్ల గొట్టంలో వాయువు 300 డిగ్రీలుంటే లాగుడు 23 పాస్కల్స్, 500 అయితే 29, వెయ్యి అయితే 36. వేడి మూడింతలు దాటినా బలం రెండింతలు కూడా కాలేదు. పైగా వాయువు పలచబడుతుంది కాబట్టి అదే గొట్టంలోంచి పోయే వాయువు బరువు తగ్గుతుంది. లెక్క వేస్తే సుమారు 310 డిగ్రీల దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ వాయువు పోతుంది. అంటే గొట్టం ఎర్రగా కాలుతోందంటే బాగా పనిచేస్తోందని కాదు, మన గ్యాస్ డబ్బులు ఆకాశంలోకి పోతున్నాయని.

మన ఊరి కుమ్మరి ఆవానికి గొట్టం ఉండదు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. కుండలు పేర్చి, కట్టె, పిడకలు, గడ్డి వేసి, పైన మట్టి మెత్తి, అక్కడక్కడా కంతలు వదులుతారు. మంట కింద పుట్టి పైకి పోతుంది. కుండ కాలడానికి అంత వేడి చాలు. కానీ రాయిలా గట్టిపడి, నీళ్లు పీల్చని స్టోన్‌వేర్ కావాలంటే ఇంకా కొన్ని వందల డిగ్రీలు ఎక్కాలి. అక్కడే గొట్టం అవసరం మొదలవుతుంది.

బట్టీలో మంట పోయే దారి రెండు రకాలు. కింద పుట్టి పైకప్పు కంతలోంచి పోయేది ఒకటి. కట్టడం తేలిక, వేడి మాత్రం కిందా పైనా సమంగా ఉండదు. ఇలాంటి బట్టీ నెత్తిన గొట్టాన్ని నేరుగా బిగించకూడదు. కొంచెం ఖాళీ వదిలి, పైన రేకు గొడుగు లాంటి హుడ్ పెడతారు. ఆ ఖాళీలోంచి బయటి గాలి కలిసి పొగ చల్లబడి పైకి పోతుంది. రెండో రకంలో మంట పక్కనుంచి పైకి లేచి, కప్పుకి తగిలి, కుండల మధ్య నుంచి కిందికి దిగి, నేల దగ్గరున్న రంధ్రంలోంచి గొట్టంలోకి పోతుంది. ఆ రంధ్రాన్నే ఫ్లూ అంటారు. వేడి గాలి సహజంగా పైకే పోవాలనుకుంటుంది. దాన్ని బలవంతంగా కిందికి దించాలి. ఆ బలవంతం చేసేది గొట్టం. అందుకే ఈ రకం బట్టీకి గొట్టం ఎత్తు ఇంత ఉండాలన్న లెక్క వచ్చింది. మాది ఈ రకమే.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లు స్టోక్ ఆన్ ట్రెంట్ వైపు వెళ్తే సీసా ఆకారంలో ఇటుక కట్టడాలు చూడొచ్చు. ఆ పెద్ద సీసాయే పొగగొట్టం, అసలు బట్టీ దాని కడుపులో ఉంటుంది. బొగ్గుతో కాల్చేవారు. 1956లో వచ్చిన స్వచ్ఛమైన గాలి చట్టం తర్వాత అవి ఒక్కొక్కటే ఆగిపోయాయి. 1978లో జ్ఞాపకార్థం చివరిసారి ఒకదాన్ని కాల్చారు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించదగ్గ చోటు.

ఇక మా కొలతలు. బట్టీ లోపల మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. నాలుగు బర్నర్లు. ఒక్కో బర్నర్ రంధ్రం నాలుగున్నర అంగుళాల చదరం, అంటే ఇరవై చదరపు అంగుళాల పైచిలుకు. నాలుగూ కలిపితే 81. ఫ్లూ మాత్రం నాలుగున్నర బై తొమ్మిది, అంటే 40 చదరపు అంగుళాలు. ఇటుక కోయకుండా సరిపోయింది కదా అని అలా వదిలేశాం. దానికి ఎనిమిది అంగుళాల రేకు గొట్టం, ఏడడుగుల ఎత్తు, షెడ్డు కప్పుకి కన్నం పెట్టడం ఇష్టంలేక రెండు చోట్ల లంబంగా వంచి పక్కనుంచి బయటికి తీశాం. అప్పుడు చూసుకుని మురిసిపోయాం కూడా.

బట్టీలు కట్టేవాళ్లు ఎక్కువగా చూసే పుస్తకం ఫ్రెడరిక్ ఓల్సెన్ రాసిన 'ది కిల్న్ బుక్'. మొదటిసారి 1973లో వచ్చింది. మా బట్టీ మొరాయించాక లైబ్రరీ నుంచి తెచ్చి చదివాను. ముందే తెచ్చుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. అందులో అనుభవం మీద తేల్చిన సూత్రాలున్నాయి. మంట ఎన్ని అడుగులు కిందికి దిగాలో, అడుగుకి మూడడుగుల చొప్పున గొట్టం ఉండాలి. అడ్డంగా పోయే ప్రతి మూడడుగులకి ఇంకో అడుగు కలపాలి. మాకు దిగేది నాలుగడుగులు, అంటే పన్నెండు. అడ్డం మూడు, అంటే ఒకటి. మొత్తం 13 అడుగులు ఉండాల్సిన చోట ఏడు కట్టాం. లోపలికి గాలి వచ్చే రంధ్రాల మొత్తం విస్తీర్ణం ఎంతో, బయటికి పోయే ఫ్లూ అంత ఉండాలి. 81కి 81 కావాల్సిన చోట 40 ఇచ్చాం. గొట్టం అడ్డుకొలత బట్టీ వెడల్పులో నాలుగో వంతు నుంచి ఐదో వంతు. మూడడుగులకి నాలుగో వంతు అంటే తొమ్మిది అంగుళాలు. ఇది ఒక్కటే కాస్త దగ్గర్లో ఉంది.

ఈ మూడింటిలో ముందు ఏది సరిచేయాలి? మా గుంపులో అందరూ "ఎత్తు పెంచుదాం" అన్నారు. కంటికి కనిపించేది అదే కదా. కానీ వాయువు ప్రవాహం ఎత్తుకి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. ఏడడుగుల్ని పదమూడు చేస్తే ప్రవాహం పెరిగేది మూడో వంతు మాత్రమే. ఇరుకు దారిని రెండింతలు వెడల్పు చేస్తే ప్రవాహం దాదాపు రెండింతలవుతుంది. ఇరుకు సందులో ఇరుక్కున్న జనాన్ని అవతల నుంచి ఎంత గట్టిగా పిలిస్తే ఏం లాభం? ముందు సందు వెడల్పు చేయాలి. గ్యాస్ బట్టీ ఎక్కడైనా ఆగిపోతే నేను ఇప్పుడు మొదట చూసేది ఫ్లూ. అది సరిపడా ఉన్నా, దాని ముందు కుండల పలక అడ్డంగా పేర్చి ఉంటే మళ్లీ ఇరుకే. మేం ఆ తప్పు కూడా చేశాం. ఖాళీ ఉంది కదా అని ఫ్లూ నోటికి ఆనించి ఒక పెద్ద కూజా పెట్టాం.

వంపుల సంగతి. ఒక్కో లంబమైన వంపు చాలా అడుగుల నిటారు గొట్టమంత అడ్డు పెడుతుంది. మూడు మిల్లీమీటర్ల మజ్జిగ బలం అక్కడే ఖర్చయిపోతుంది. కప్పుకి కన్నం పెట్టడానికి మనసు ఒప్పకపోతే బట్టీనే జరపండి కానీ గొట్టాన్ని వంచకండి.

అలాగని ఎత్తు అతిగా పెంచినా చిక్కే. గొట్టం మరీ లాగితే వేడి కుండల మధ్య నిలవకుండా దూసుకుపోతుంది. కింద వేడి, పైన చల్లన, గ్యాస్ బిల్లు మోపెడు. ఎత్తైన ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇంకో లెక్క. డెన్వర్ లాంటి చోట గాలి సముద్రమట్టం దగ్గరికంటే ఆరో వంతు పలచన. అదే ఆక్సిజన్ కోసం ఎక్కువ గాలి రావాలి, కాబట్టి దారులన్నీ కాస్త పెద్దవిగా పెట్టుకోవాలి.

గొట్టం దేనితో కట్టాలన్నదానికి నా దగ్గర ఒకే గట్టి మాట ఉంది. బట్టల డ్రయర్‌కి, ఏసీకి వాడే జింకు పూత రేకు గొట్టం వాడొద్దు. జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది. ఇంకా వేడెక్కితే వచ్చే పొగ విషం. మా మొదటి గొట్టం అదే అని తర్వాత తెలిసింది. కింది భాగం ఫైర్ బ్రిక్‌తో కట్టి, వేడి తగ్గిన ఎత్తు నుంచి అంత వేడికి తగిన స్టీలు గొట్టం వేయడం మంచిది. చెక్క దూలాలకు ఎంత దూరం ఉండాలన్నది గొట్టం రకాన్ని బట్టి మారుతుంది, ఊరి నియమాలు చూసుకోవాల్సిందే. అమెరికాలో ఇళ్ల పొగగొట్టాలకు ఒక నియమం ఉంది. కప్పుని దాటిన చోట కనీసం మూడడుగులు, పదడుగుల లోపు ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తు ఉండాలి. లేకపోతే కప్పు మీదుగా దొర్లే గాలి పొగని వెనక్కి నెడుతుంది. బట్టీకి కూడా కనీసం అంతైనా పాటించాలి.

ఇప్పుడు డాంపర్. గొట్టం మొదట్లో అడ్డంగా ఒక సందు వదిలి, అందులోకి పలకని తోస్తూ లాగుతూ ఉంటారు. కుళాయి లాంటిది. తోస్తే లాగుడు తగ్గుతుంది. మా పాత మాస్టారు ఇంకో పద్ధతి కూడా చూపించారు. గొట్టం అడుగున ఒక ఇటుక తీసేస్తే అక్కడినుంచి చల్లగాలి దూరి, బట్టీలోంచి లాగే బలం తగ్గుతుంది. పలక కాలి విరిగే బాధ లేదు. నాకు ఇదే నచ్చింది.

లాగుడు తగ్గించాలని ఎవరైనా ఎందుకు అనుకుంటారు? రంగుల కోసం. మట్టిలో, గ్లేజులో ఉన్న ఇనుము గాలి దండిగా ఉంటే ఎర్రగా, గోధుమ రంగుగా వస్తుంది. గాలి కాస్త తగ్గిస్తే బట్టీలోని కార్బన్ మోనాక్సైడ్ ఇనుము ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. అదే గ్లేజు అప్పుడు లేత ఆకుపచ్చ సెలడాన్ అవుతుంది. రాగి అయితే పచ్చ బదులు మాణిక్యం లాంటి ఎరుపు ఇస్తుంది. మన ఆవంలో గాలి కంతలు మూసేసి కుండని నల్లగా చేసేది కూడా ఈ కుటుంబానికి చెందిన విద్యే. తెలుగు నేల మీద రాక్షసగుళ్ల దగ్గర దొరికే నలుపు ఎరుపు కుండలు చూస్తే, ఇనుప యుగంలోనే మనవాళ్లకి గాలి మీద ఎంత పట్టు ఉందో తెలుస్తుంది. గ్యాస్ బట్టీ మీద ఇంతమందికి ఇంత మోజు ఉండటానికి కారణం ఈ రంగులే. కరెంటు బట్టీలో అవి మామూలుగా రావు.

కానీ ఆ రంగు తెచ్చేది కార్బన్ మోనాక్సైడ్ అన్నానే, అదే కడప వదినని కుర్చీలో కూలబెట్టింది. ఈ పద్ధతిలో కాల్చడమంటే తెలిసి తెలిసి ఆ విషవాయువుని తయారుచేయడం. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. జ్వరం వచ్చేముందు ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. గర్భిణులకి, చిన్నపిల్లలకి ప్రమాదం ఇంకా ఎక్కువ. మా షెడ్డు మూడు వైపులా తెరిచి ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. ఆ రాత్రి గాలి కదల్లేదు. గొట్టం లాగలేకపోయినది కంతల్లోంచి మా ముఖాల మీదికే వచ్చింది. గ్యాస్ ఆపి వదినని పెరట్లోకి నడిపించుకెళ్లాక గంటకి తేరుకుంది. ఇప్పుడైతే ఆ గంట ఆగను. అందరినీ బయటికి తీసుకొచ్చి వెంటనే 911కి ఫోన్ చేస్తాను.

అలారం పెట్టుకున్నాం కదా అంటారేమో. అమెరికాలో ఇళ్లకు అమ్మే మామూలు అలారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల లోపు మోగేలా తయారవుతుంది. అది నిద్రలో ప్రాణం కాపాడటానికి. బట్టీ పక్కన నిలబడి పనిచేసేవాళ్లకి అప్పటికప్పుడు అంకె చూపించే మీటర్ వేరే కావాలి. మేం కొన్నాం. అది లేకుండా ఇప్పుడు ఎవరం షెడ్డులో అడుగు పెట్టం. గ్యాస్ వెలుగుతుండగా డాంపర్ పూర్తిగా మూయడం కూడా ఎవరూ చేయకూడదు.

మళ్లీ మా బట్టీ దగ్గరికొస్తే, వెనకగోడ దిగువన ఇటుకలు తీసి ఫ్లూని తొమ్మిది బై తొమ్మిది చేశాం. ఆరడుగుల వరకు ఫైర్ బ్రిక్ గొట్టం, దాని మీద పది అంగుళాల స్టీలు గొట్టం నిటారుగా. పది అంగుళాల గుండ్రం అంటే 78 చదరపు అంగుళాలు, 81కి దగ్గరే. షెడ్డు కప్పుకి చివరికి కన్నం పెట్టాం, అదీ ఊరి ఆఫీసు నుంచి పర్మిట్ తీసుకుని. తనిఖీకి వచ్చినాయన మంట ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగే సేఫ్టీ వాల్వు ప్రతి బర్నర్‌కీ ఉందా అని అడిగారు. రెండింటికి లేవు. పర్మిట్ అంటే విసుక్కున్న నేను ఆ రోజు నోరు మూసుకున్నాను.

రెండోసారి వెలిగించేముందు, గ్యాస్ తీయకుండానే, బర్నర్ రంధ్రం దగ్గర అగరుబత్తి పట్టుకుని చూశాం. చల్లగా ఉన్న గొట్టం లాగదు. పొగ ఎటూ పోకుండా అక్కడే తారట్లాడింది. గొట్టం అడుగున ఒక కాగితం ముద్ద వెలిగించి వేడి చేశాక, అగరుబత్తి పొగ దారంలా సాగి లోపలికి వెళ్లిపోయింది. ఐదుగురం చప్పట్లు కొట్టాం. సాయంత్రం నాలుగింటికే 1,140 దాటింది. ఆరున్నరకి పదో నంబరు కోన్ వంగింది. గ్యాస్ వాల్వు అంతకుముందు తిప్పినదానికంటే తక్కువే తిప్పాం.

ఇక ఆ వాట్సాప్ ప్రశ్నకి జవాబు. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో గ్యాస్ బట్టీ వద్దు. బేస్‌మెంట్‌లో అసలే వద్దు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల మీద నీళ్లలా పరుచుకుని అక్కడే ఉంటుంది. విడిగా షెడ్డు, నిటారు గొట్టం, పర్మిట్, ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే ఒక మాట. ఇవి కుదరకపోతే కరెంటు బట్టీ కొనుక్కోండి. దానికి ఇంత గొట్టం అక్కర్లేదు, చిన్న ఫ్యాను వెంట్ చాలు. సెలడాన్ మీద ఆశ ఉంటే, గ్యాస్ బట్టీ ఉన్న స్టూడియోలో అర అద్దెకి తీసుకోవచ్చు.

మట్టి పనితో సంబంధం లేనివాళ్లు కూడా ఒకటి చూసుకోండి. చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్‌కి పైన చిన్న గొడుగు, దాని మీంచి గొట్టం ఉంటుంది. అదీ ఇదే మూడు మిల్లీమీటర్ల లాంటి బలం మీద నడిచేదే. మన వంటకి, పోపు ఘాటుకి తట్టుకోలేక పెద్ద హుడ్ పెట్టించుకుంటాం. ఇల్లు గట్టిగా మూసి ఉంటే ఆ హుడ్ లాగే గాలి ఎక్కడినుంచో రావాలి. ఒక్కోసారి వాటర్ హీటర్ గొట్టంలోంచే వెనక్కి వస్తుంది, దాని పొగతో సహా. అమెరికాలో చాలాచోట్ల అమల్లో ఉన్న ఇళ్ల నిర్మాణ నియమావళి, ఇంట్లో ఇలాంటి గ్యాస్ హీటర్ ఉండి, నిమిషానికి 400 ఘనపుటడుగుల కంటే ఎక్కువ లాగే హుడ్ పెడితే, బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా చేయాలంటుంది. పెట్టినవాళ్లు అది చేశారో లేదో అడగండి. కిటికీలు మూసి, హుడ్ పూర్తి వేగంతో పెట్టి, వేడినీళ్లు తిప్పి, హీటర్ వెలిగిన ఐదు నిమిషాలకి ఆ గొడుగు అంచు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పోతే సరే. మీ ముఖం మీదికి వస్తే హుడ్ ఆపి, కిటికీ తెరిచి, హీటర్ కట్టేసి, టెక్నీషియన్‌ని పిలవండి. మా ఇంట్లో ముఖం మీదికే వచ్చింది.